తెరమీది రంగు, బీరువాలోని చీర

సినిమా తారలను చూసి ఆడపిల్లలు షోకులు నేర్చుకుంటున్నారని ప్రతి తరంలోనూ పెద్దవాళ్ళు అంటూనే వున్నారు. అలా అనేవారి ఇంట్లో పాత ఫొటోల ఆల్బం ఒకసారి తెరిచి చూడండి. వాణిశ్రీ ముడి వేసుకున్న అమ్మమ్మగారు కనబడతారు. ఆవిడ పక్కనే, పాదాల దగ్గర గొడుగులా విచ్చుకున్న బెల్‌బాటం ప్యాంటుతో తాతగారు నిలబడి వుంటారు. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివమ్మా!" అనే మాట ఆ ఫొటో ముందు నిలవదు.

కాబట్టి తారలను అనుకరించడం మంచిదా, చెడ్డదా అన్న చర్చలోకి నేను దిగను. అందరమూ చేసే పనే అది. వాళ్ళ దగ్గరనుంచి ఏం తెచ్చుకోవాలి, ఏం వదిలెయ్యాలి అన్నదే తేలవలసిన సంగతి. ఇది తెలియక, నెల జీతంలో మూడోవంతు ఒక్క చీరకు పోసి, ఒక్క పెళ్ళికి కట్టి, ఆ తరువాత బీరువాలో పడేసిన ఇళ్ళు నేనెరుగుదును. తెలిసిన ఇల్లాలు పాత చీరతోనే పదిమందిలో కొత్తగా కనబడుతుంది.

ఒక తమాషా గమనించారా? సావిత్రిని చూసి చీర కట్టు నేర్చుకున్నామని చెప్పే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఎందరో వున్నారు. "మిస్సమ్మ" వచ్చింది 1955లో, "మాయాబజార్" 1957లో. రెండూ నలుపు తెలుపు చిత్రాలే. తెలుగులో మొదటినుంచి చివరిదాకా రంగుల్లో తీసిన తొలి చిత్రం "లవకుశ" 1963లో గాని రాలేదు. అంటే, మిస్సమ్మ ఆట చూసి బయటికి వచ్చిన ఇల్లాలికి ఆ చీరలు ఏ రంగువో తెలియనే తెలియదు! ఆమె కళ్ళకు కట్టినదల్లా జాకెట్టు చేయి ఎక్కడిదాకా వుంది, పైట ఎలా పడింది, లేత చీరకు ముదురు అంచు ఎంత వెడల్పు వుంది, ఇంతే. రంగు మాత్రం తనే ఎంచుకోవాలి. తన ఒంటికి, తన ఇంటి ఖర్చుకు, తన వూరి దుకాణంలో దొరికే బట్టకు తగినట్టు ఎంచుకోవాలి. ఆనాటి అనుకరణలో సగం సొంత తెలివి కలిసిందంటే కారణం ఇదే.

2018లో సావిత్రి జీవితకథ "మహానటి"గా తెరకెక్కినప్పుడు, దుస్తులు సిద్ధం చేసినవారికి కూడా ఇదే చిక్కు వచ్చి వుండాలి. నలుపు తెలుపు బొమ్మలోని చీరకు రంగు ఎక్కడనుంచి తెస్తారు? వారు చేనేతను ఆశ్రయించారు. ఆ చిత్రానికి ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావులకు ఉత్తమ వస్త్రాలంకరణకుగాను జాతీయ బహుమతి ప్రకటించారు. అంతటి నిపుణులు చేసిన పనే మనం ఇంట్లో చిన్న ఎత్తున చెయ్యవచ్చు.

ఎలాగంటారా? మీకు నచ్చిన తార బొమ్మను ఫోనులో నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. ఇప్పటి ఫోనుల్లో అది ఒక్క క్షణం పని. రంగు పోగానే బొమ్మ ఎముకలు బయటపడతాయి. లేతది ఎక్కడ వుంది, ముదురుది ఎక్కడ వుంది, ముఖం పక్కన ఏది వచ్చింది అన్నది స్పష్టంగా తెలుస్తుంది. చాలాసార్లు మనల్ని ఆకట్టుకున్నది ఆ ఎరుపో, ఆ పచ్చో కాదని అప్పుడు అర్థమవుతుంది. ముదురు జాకెట్టుమీద లేత పైట, లేకపోతే సాదా చీరకు ఒకే ఒక్క వెడల్పాటి అంచు, అదీ మనల్ని పట్టుకున్నది. ఆ పొందికను మీ బీరువాలో వున్న రంగులతోనే తిరిగి కట్టవచ్చు.

ఇందులో నేను పాటించే నియమం ఒకటి వుంది. చీర ఒళ్ళు, అంచు, జాకెట్టు అని మూడు చోట్లు వున్నాయి. మూడూ ఒకేసారి గట్టిగా మాట్లాడితే ఎవరి మాటా వినబడదు. ఒకటి మాట్లాడాలి, తక్కిన రెండూ వినాలి. మంగళగిరి నూలుచీర చూడండి. ఒళ్ళంతా సాదాగా వుంటుంది, మాటంతా అంచుదే. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నేతలోనే ఆ పోగులను ఈ పోగులతో ముడివేసి కలుపుతారు. కాబట్టి అంచు రంగు ఒళ్ళు రంగుకు పూర్తిగా ఎదురుగా నిలబడగలదు. ఇలాంటి చీరమీదికి పూలూ, పూసలూ, అద్దాలూ కుట్టిన జాకెట్టు వేసుకుంటే, పాపం ఆ నేతగాడి శ్రమంతా మూగపోతుంది.

రంగుల పేర్లు కూడా మనకేమీ తక్కువ లేవు. పాఠం చెప్పే అలవాటుకొద్దీ అంటున్నాననుకోకండి. గంధం రంగు, ఉల్లిపొర రంగు, కనకాంబరం రంగు, వంగపండు రంగు, నేరేడుపండు రంగు, చిలకపచ్చ, ఇటుక రంగు, ఇన్ని వున్నాయి. దుకాణంలో "లైట్ కలర్ చూపించండి" అంటే అతను ముప్ఫై చీరలు పరుస్తాడు. "ఉల్లిపొర రంగు" అంటే మూడు తీస్తాడు. నెమలికంఠం రంగనే పేరు మరీ ముచ్చటైనది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేస్తే, నడుస్తూవుంటే ఒకసారి నీలంగానూ ఒకసారి పచ్చగానూ మెరుస్తుంది. మిషను కుట్టూ, తళుకూ ఏమీ అక్కర్లేకుండా, రెండు రంగుల దారమే చేసే ఇంద్రజాలమిది.

ఇక బట్ట సంగతి. మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. "చాందినీ" (1989) చిత్రంలో శ్రీదేవి కట్టిన షిఫాన్ చీరలను చూసి మురిసిపోని ఇల్లాలు ఆ రోజుల్లో లేదు. షిఫాన్ అంటే బాగా పురిపెట్టిన సన్నని పోగులతో పల్చగా నేసిన బట్ట. అందుకే అది నీళ్ళలా జారుతుంది, చిన్న గాలికి కూడా లేస్తుంది. కాని ఆ పాటల వెనక స్విట్జర్లాండు కొండలున్నాయి. మన వెనక మే నెలలో బెజవాడ బస్టాండు వుంటుంది. పైగా తక్కువ ధరకు షిఫాన్ పేరుతో దొరికేది చాలావరకు పాలియెస్టర్. చెమట పీల్చదు, ఒంటికి అంటుకుంటుంది. శ్రీదేవి దగ్గరనుంచి తెచ్చుకోవలసింది షిఫాన్ కాదు. ఒకటే లేత రంగు, అంచు లేకపోవడం, ఒంటిమీద తేలికగా జారే తీరు. ఈ మూడింటినీ మెత్తని మల్లు చీర ఇస్తుంది. గంజి పెట్టకుండా, నీడన ఆరవేసి, సగం తడిమీద ఇస్త్రీ చేస్తే చాలు. అదే, రాజకీయ నాయకురాళ్ళ చేనేత చీరల్లో కనబడే నిటారైన హుందాతనం కావాలనుకోండి, అది గంజి మహిమ. పల్చగా కాచి, వడకట్టి, చీరంతా సమంగా తడిసేలా ముంచాలి. చిక్కని గంజి పెడితే కుచ్చిళ్ళు అట్టముక్కల్లా నిలబడతాయి.

బొమ్మ రంగు చెబుతుంది గాని బట్ట చెప్పదు. ఈ మధ్య ఒక పాఠకురాలు వాపోయారు. ఒక కథానాయిక వేసుకున్న అనార్కలీకి నకలని చూసి, వాళ్ళమ్మాయి పండుగకు ఫోనుద్వారా తెప్పించుకుందట. రంగు సరిగ్గా అదే. కాని వచ్చిన బట్ట గరగరలాడుతూ, గంటసేపటికే మెడమీద దద్దురు లేపిందట. పిల్ల పండుగపూట ఏడ్చిందని రాశారు. అమ్మా, ఇకమీదట బొమ్మకింద చిన్న అక్షరాల్లో నూలా, పట్టా, పాలియెస్టరా అన్నది చదవనిదే డబ్బు కట్టవద్దు. ఇంటికి వచ్చిన తరువాత అనుమానం తీరకపోతే లోపలి అంచునుంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లకు చూపించండి. నూలు కాగితం కాలినట్టు కాలి బూడిదవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పాలియెస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా ముద్దకడుతుంది.

అన్నింటికన్నా నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటి వుంది. మా కళాశాలలో చివరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి, వీడ్కోలు సభకు ఏం కట్టుకోవాలో అడగడానికి వచ్చింది. ఫోనులో ఒక నటి బొమ్మ చూపించింది. మామిడిపండు రంగు చీర, ముదురు వంగపండు రంగు జాకెట్టు.

"బావుంది. మీ ఇంట్లో ఇలాంటి రంగు లేదా?" అన్నాను.

"అమ్మది పాత గద్వాల చీర వుంది మేడమ్. కాని మా అత్తయ్య వద్దంది. చామనచాయ వాళ్ళకి ముదురు రంగులు పనికిరావంట. లేత గులాబీ కట్టుకోమంది."

ఆ పిల్ల ఈ మాట తలవంచుకుని చెప్పింది. ఎన్నాళ్ళుగా వింటున్నదో! 2020లో "ఫెయిర్ అండ్ లవ్లీ" కూడా పేరు మార్చుకుని "గ్లో అండ్ లవ్లీ" అయింది. డబ్బా మీద తెల్లదనం పోయింది గాని మన చుట్టాల నాలుకమీద ఇంకా పోలేదు.

నిజం చెప్పాలంటే, అత్తయ్యగారి సలహా తలకిందులుగా వుంది. వెలిసినట్టుండే లేత రంగులు చామనచాయ పక్కన బూడిదబారినట్టు కనిపించడం కద్దు. ముదిరిన పసుపు, ఇటుక ఎరుపు, నెమలికంఠం, నేరేడుపండు రంగు, ఇవి ఆ చాయకు ఎదురు నిలిచి ముఖాన్ని ముందుకు తెస్తాయి. అయినా నా మాట నమ్మనక్కర్లేదు. కిటికీ దగ్గర పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి, ఒక భుజంమీద లేత గులాబీ, రెండో భుజంమీద మామిడిపండు రంగు వేసుకుని చూడమన్నాను. చీరను చూడవద్దు, ముఖాన్ని చూడు, ఏ రంగు పక్కన కళ్ళు కాంతిగా కనబడితే అదే నీది అన్నాను.

సభనాడు ఆ అమ్మాయి వాళ్ళమ్మ గద్వాల చీర కట్టుకొచ్చింది. తల ఎత్తి నడిచింది. "మీ అత్తయ్య ఏమందమ్మా?" అని అడిగాను. "ఏమీ అనలేదు మేడమ్. ఈ చీర ఎక్కడ కొన్నారని అమ్మని అడిగింది" అంది. పాతికేళ్ళనాటి చీర అది!

మనిషికి ఒక రంగు సొంతమైపోతే ఎంత గౌరవం వస్తుందో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారిని తలచుకుంటే తెలుస్తుంది. కంచిలో ముత్తు చెట్టియార్ నేసి ఇచ్చిన నీలం పట్టుచీరను ఆమె కచేరీల్లో కట్టడంతో, ఆ నీలానికే "ఎమ్మెస్ బ్లూ" అని పేరు పడింది. ఆమె 2004లో గతించినా, ఆ పేరు చెప్పి ఆ రంగు అడిగేవారు ఇంకా వున్నారు. ఆమె ఆ రంగును ఎవరినో చూసి తెచ్చుకోలేదు; తనకు నప్పింది గనుక వదలలేదు. ప్రతి ఇంట్లోనూ ప్రతి మనిషికీ అలాంటి రంగు ఒకటి వుంటుంది. దాన్ని కనుక్కోవడానికి తారల బొమ్మలు పనికివస్తే అంతకన్నా కావలసిందేముంది?

ఖర్చు గురించి రెండు మాటలు. కొత్త చీర కొనేముందు కొత్త జాకెట్టు గుడ్డ కొనండి. పెడన కలంకారీ అచ్చు జాకెట్టు ఒక్కటి కుట్టించుకుంటే గంధం రంగు చీరకూ, ఇటుక రంగు చీరకూ, నీలం చీరకూ సరిపోతుంది. ఆ అచ్చులో సాధారణంగా ఎరుపూ, నలుపూ, నీలమూ కలిసే వుంటాయి. కొంగు చిరిగిన పట్టుచీర వుంటే, మంచి భాగం అమ్మాయికి కుర్తా అవుతుంది, అంచు సాదా చున్నీకి ఎక్కుతుంది. పోచంపల్లి గుడ్డ అయితే దర్జీకి మరీ సులువు. నూలును ముందే ముడులు కట్టి రంగువేసి నేస్తారు గనుక, రెండువైపులా బొమ్మ ఒకేలా వుంటుంది. అబ్బాయిలూ, అయ్యగార్లూ నొచ్చుకోకుండా వారికీ ఒక మాట: నాయకుడు వేసుకున్న చొక్కా మీద కన్ను పడితే, బొత్తాలూ జేబులూ చూడకండి. ప్యాంటు ముదురుగా వుందా, చొక్కా లేతగా వుందా, భుజం కుట్టు సరిగ్గా భుజంమీదే కూర్చుందా, ఇవి చూడండి.

చివరగా, దుకాణంలో రంగు నచ్చితే వెంటనే ప్యాక్ చెయ్యమనకండి. దీపాలకింద వంగపండు రంగు బయట మట్టిరంగై కూర్చుంటుంది. మన అమ్మమ్మలు చీరను గుమ్మందాకా తెచ్చి, ఎండవెలుతురులో చెంగు విప్పి చూసుకునేవారు. "బాబూ, ఒక్క నిమిషం" అని మీరూ తీసుకువెళ్ళండి. అతను ఏమీ అనుకోడు. అనుకున్నా, కట్టుకోవలసింది మీరు.