ఫ్రెంచి వంటలు గొప్పోళ్ళవేనా?

వార్షికోత్సవ సంచికకు మా పదో తరగతి వాళ్ళం ఎన్నుకున్న విషయం విని హాస్టల్లో చాలామంది నవ్వారు. "మెస్సులో సాంబారు పల్చనైందని రోజూ గొణిగే మీకు ఫ్రెంచి వంటలెందుకర్రా?" అని ఒక సీనియర్ అన్నయ్య అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. కానీ మేం చెప్పదలచుకున్న సంగతి కూడా ఆ నవ్వులోనే ఉంది. ఫ్రెంచి వంట అనగానే తెల్లబట్ట పరిచిన బల్ల, పెద్ద పళ్ళెంలో చిన్న ముద్ద, పక్కన వైను గ్లాసు మన కళ్ళముందు మెదులుతాయి. సినిమాల్లో చూపించేది అదే. అది పెద్ద హోటళ్ళ తిండి. అక్కడి ఇళ్ళలో వండుకునేది వేరు. ఆ ఇంటి వంటలో చాలా భాగం లేమిలోంచే పుట్టిందని మా అభిప్రాయం.

దసరా సెలవుల్లో మా నలుగురిలో ఒకరి ఇంట్లో చేరి కొన్ని వంటలు చేసి చూశాం. మొదటిది 'పాఁ పెర్దూ'. ఆ మాటకు 'పోయిన రొట్టె' అని అర్థం. ఎండిపోయి, పంటికి లొంగక, ఇక పారెయ్యడమే అనుకున్న రొట్టె అన్నమాట. పాలల్లో గుడ్డు కొట్టి, కాస్త పంచదార వేసి, గట్టిపడిన రొట్టె ముక్కలు అందులో నాననిచ్చి, పెనం మీద వెన్నతో రెండు వైపులా ఎర్రగా కాల్చాలి. తాజా రొట్టెతో చేస్తే ముద్దైపోతుంది, ఎండిందే కావాలి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్నే చద్దన్నం పెట్టే మన అమ్మలకు ఈ తెలివి కొత్తేమీ కాదు.

రొట్టెను అంత జాగ్రత్తగా చూసుకోవడానికి కారణం ఉంది. 1789 అక్టోబరు 5న పారిస్ ఆడవాళ్ళు వేలమంది రొట్టె కోసం వెర్సాయ్ రాజభవనం దాకా నడిచి వెళ్ళారు. రొట్టె లేకపోతే కేకులు తినమని రాణి మారీ ఆంత్వానెత్ అన్నదని మనం క్విజ్ పుస్తకాల్లో బట్టీ పట్టాం గానీ, ఆమె అలా అన్నదనడానికి ఆధారం లేదు. రూసో తన ఆత్మకథలో ఎవరో ఒక రాకుమారి అన్నట్టు రాశాడు. ఆ భాగం రాసేనాటికి ఈ రాణి ఆస్ట్రియాలో ఇంకా చిన్నపిల్ల. అనని మాట రెండు వందల ఏళ్ళుగా అందరికీ తెలుసు, నడిచిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరూ మాకు ఎవరూ చెప్పలేదు.

రెండోది ఉల్లిపాయ సూపు. ఇందులో బాగా దెబ్బతిన్నాం. కిలో ఉల్లిపాయలు సన్నగా చీరి, మంట పెద్దది పెట్టి పది నిమిషాల్లో వేయించేశాం. అంచులు మాడాయి, లోపల పచ్చిగానే ఉంది. ఆ ఇంటి అమ్మ వచ్చి చూసి, "కిలో ఉల్లిపాయలు తగలేశారు గదరా" అని తల పట్టుకుంది. రెండోసారి ఆవిడే పొయ్యి దగ్గర కూర్చుంది. సన్నటి సెగ మీద ముప్పావుగంట పైగా, అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. అప్పుడు ఉల్లిలోని తీపి పైకొచ్చి, ముక్క బెల్లం రంగుకు తిరుగుతుంది. గిన్నెడు ఉల్లిపాయలు గుప్పెడవుతాయి. దాని మీద చెంచాడు మైదా చల్లి, ఎముకలు ఉడికించిన నీళ్ళు పోసి మరిగించి, పైన కాల్చిన రొట్టె ముక్క వేస్తారు. ఆ ముక్క మీద చీజ్ తురిమి పైసెగ తగిలిస్తారు. మా దగ్గర చీజ్ లేదు, పైసెగ ఇచ్చే ఓవెన్ అంతకన్నా లేదు. ఆ రెండూ మానేశాం. అయినా అడుగున చుక్క మిగల్లేదు. "ఎముకల పులుసేగా ఇది! దీనికి అంత పేరెందుకు?" అంది ఆ అమ్మ. నిజమే, వాళ్ళ 'పొతొఫు' కూడా ఎముకలూ గట్టి మాంసమూ దుంపలూ గంటల తరబడి ఉడికించిన కుండే. పేరుకు అర్థం 'పొయ్యి మీద కుండ' అనే.

పారిస్ నడిబొడ్డున 'లే ఆల్' అనే పెద్ద మార్కెట్ ఉండేది. రాత్రంతా మూటలు మోసిన హమాలీలు తెల్లవారుజామున వేడివేడిగా తాగింది ఈ ఉల్లిపాయ సూపునే. 1969లో ఆ మార్కెట్టును ఊరి బయట రంజిస్‌కు తరలించారు. హమాలీలు పోయారు, సూపు మాత్రం హోటళ్ళ మెనూలో మిగిలింది.

బ్రిటనీ ప్రాంతం అట్ల గురించి కూడా చెప్పాలి. ఫ్రాన్సుకు పడమటి కొసన ఉన్న ఆ నేలలో గోధుమ అంత బాగా పండేది కాదు. అక్కడి బీద రైతులు 'నల్ల గోధుమ' అనే గింజ పండించుకునేవారు. పేరుకే గోధుమ, నిజానికి అది గోధుమ జాతి కాదు. ఆ పిండిని నీళ్ళూ ఉప్పూ వేసి జారుగా కలిపి ఇనప పెనం మీద పల్చగా తిప్పితే 'గాలెత్' అంటారు. దానితో పాటు ఏం తాగుతారో తెలుసా? 'లే రిబో' అని చిలికిన మజ్జిగ! అట్టూ మజ్జిగా! మాకు నల్ల గోధుమ దొరకలేదు కాబట్టి రాగిపిండిలో గుడ్డు కొట్టి పోశాం. పెనం మీద ఉండగానే నడుమ ఇంకో గుడ్డు కొట్టి, నాలుగు అంచులూ లోపలికి మడిచాం. దీన్ని ఫ్రెంచి వంట అనొచ్చా అని ఎవరైనా అడిగితే మేం వాదనకు దిగం. కానీ బీదవాళ్ళ గింజతో చేసిన ఆ గాలెత్‌ను ఇవాళ పారిస్‌లో డబ్బు పెట్టి కొనుక్కు తింటారు. మన దగ్గర రాగిసంకటికీ జొన్నరొట్టెకూ ఈమధ్య పట్టిన యోగం కూడా ఇదే.

బంగాళాదుంప కథా అంతే. పందుల మేత అని, రోగాలు తెస్తుందని ఫ్రాన్సులో ఒకప్పుడు దాన్ని అసహ్యించుకున్నారు. యుద్ధంలో ప్రష్యా వాళ్ళకు ఖైదీగా చిక్కి, జైల్లో అదే తిని బతికిన పార్మాంతియే అనే ఔషధాల నిపుణుడు తిరిగొచ్చి దాని తరఫున పోరాడాడు. 1772లో పారిస్ వైద్య నిపుణులు తినవచ్చని తేల్చారు. మాంసం తురుము మీద దుంపల ముద్ద పరిచి కాల్చే కూరకు ఇప్పటికీ ఆయన పేరే.

తాగేవాటి విషయానికొస్తే, అక్కడి ఇళ్ళలో పొద్దున్నే పాలు కలిపిన కాఫీని గిన్నెలో పోసుకుని, రొట్టె ముంచుకు తినడం పాత అలవాటు. బన్ను టీలో ముంచుకుంటే మొరటని మాకు చెప్పినవాళ్ళకు ఈ ముక్క వినిపించాలి. 1806లో నెపోలియన్ ఇంగ్లండుతో వర్తకం బంద్ చేయడంతో కాఫీ గింజలు కరువై, చికోరీ వేరును వేయించి పొడి చేసి కలుపుకోవడం అక్కడ బాగా పెరిగింది. మన ఫిల్టర్ కాఫీ పొడి ప్యాకెట్ మీద చికోరీ ఎంత శాతమో రాసి ఉంటుంది, ఈసారి చూడండి.

వైను సంగతి దాటవెయ్యలేం. ముదురు కోడిపుంజును ఎర్ర వైనులో ఉడికించే కూర ఫ్రాన్సులో పేరుమోసింది. మేం వైను పొయ్యలేదు, ఇకముందూ పొయ్యం. సారా మా ఇళ్ళను ఏం చేసిందో మా అమ్మలకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగిన సంగతి మా అమ్మమ్మలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముదురు మాంసానికి కావలసింది కాస్త పులుపు, చాలా ఓపిక. మాకు టమాటాలు చాలు. వైను లేనిదే ఫ్రెంచి వంట కాదనేవాళ్ళకు ఆ దేశపు బడుల కథ చెప్పాలి. 14 ఏళ్ళలోపు పిల్లలకు బడి భోజనశాలల్లో మద్యం ఇవ్వకూడదని 1956లో గాని అక్కడ నిషేధం రాలేదు. హైస్కూళ్ళలో పూర్తిగా ఆగింది 1981లో. అంతకు ముందు 1954లో ప్రధాని పియెర్ మాందెస్ ఫ్రాన్స్ బడిపిల్లలకు పాలు ఇప్పించే పని మొదలుపెట్టి, తాను కూడా పదిమందిలో పాలగ్లాసు పట్టుకుంటే ఎగతాళి చేశారు. పాండిచ్చేరితో పాటు మన గోదావరి ఒడ్డునున్న యానాం పాలనను 1954 నవంబరు 1న ఫ్రాన్సు భారతదేశానికి అప్పగించింది కూడా ఈయన హయాంలోనే.

అక్కడి బడి భోజనం గురించి ఇంకొక్క ముక్క. 2011లో వాళ్ళు చేసిన నియమాల ప్రకారం పూటకు నాలుగైదు రకాలు వడ్డించాలి. రొట్టె, నీళ్ళు పిల్లలు ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు. ఉప్పూ సాసులూ మాత్రం అలా వదిలెయ్యరు. దీని మీద మేం వ్యాఖ్యానం చెయ్యం. మా మెస్ కమిటీ మిత్రులు చదువుతారనే నమ్మకం ఉంది.

ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాం. నార్మండీలోని కాన్ అనే ఊరి పేరు మీద ఒక కూర ఉంది. దాని పేరు 'త్రిప్ ఆ లా మోద్ ద కాన్'. పలకడానికి నోరు తిరగదు గానీ, అది బోటి. పశువు పొట్టసంచులూ కాళ్ళూ బాగా కడిగి, ఉల్లిపాయ, క్యారెట్, ఆపిల్ రసం పులియబెట్టిన సారా వేసి, మట్టికుండ మూతకు పిండిముద్దతో సీలు వేసి, గంటల తరబడి సన్నసెగ మీద ఉంచుతారు. 'బూదాఁ నువార్' అని ఇంకొకటి ఉంది. పంది నెత్తుట్లో ఉల్లిపాయలూ కొవ్వూ కలిపి పేగులో నింపి ఉడికిస్తారు. మన నల్ల వేపుడుకు దూరపు చుట్టం. త్ర్వా అనే ఊళ్ళో పేగులను పేగులోనే నింపి చేస్తారు. ఇవన్నీ ఆయా ఊళ్ళవాళ్ళు గర్వంగా చెప్పుకునే వంటలు.

హాస్టల్లో చేరకముందు మాలో ఒకడు చదివిన బడిలో, ఒక సోమవారం పొద్దున "నిన్న మీ ఇంట్లో ఏం కూర?" అని వరసగా అందర్నీ అడిగారు. బోటి తిని వచ్చిన మావాడు చికెన్ అన్నాడు. వాడి పక్కవాడు వాళ్ళ వీధివాడే, అదే బోటి పంచుకు తిన్నవాడు. వాడూ చికెన్ అన్నాడు. ఇది విన్నాక మిగతా ముగ్గురం మా మా అబద్ధాలు బయటపెట్టుకున్నాం. ఒకడు తునకలను పప్పు అన్నాడు. ఒకడు ఆ రోజు ఏమీ తినలేదన్నాడు.

ఫ్రాన్సులో అందరూ బోటి ఇష్టంగా తింటారని మేం అనం. ముక్కు మూసుకునేవాళ్ళు అక్కడా ఉన్నారు. నచ్చకపోవడం వేరు. తిన్నవాడి పుట్టుక తవ్వి వాడి గ్లాసు వేరు చెయ్యడం వేరు. ఒకే పొట్టసంచి కాన్‌లో ఊరికి గౌరవం తెస్తే, మన వాడలో గొంతు తగ్గించి చెప్పుకోవాల్సిన మాట ఎందుకైంది? రుచిలో తేడా వల్ల కాదు. వండినవాళ్ళు ఎవరు, ఆ వంటను కాగితం మీద పెట్టినవాళ్ళు ఎవరు అన్న దానిలోనే తేడా ఉంది. 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో ఎక్కిన వాళ్ళ బగెత్ రొట్టెలో ఉండేవి పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టే ఈస్టు, అంతే. ఆ విద్యను వాళ్ళు నేర్పుకున్నారు, రాసుకున్నారు, నిలబెట్టుకున్నారు. ఫ్రెంచి వంటకు పెద్దదిక్కుగా చెప్పుకునే ఎస్కోఫియే 1846లో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. 13వ ఏట నీస్ పట్టణంలో బంధువుల హోటల్లో పనికి కుదిరాడు. మా కన్నా చిన్నవాడు. 1903లో ఆయన అచ్చు వేయించిన పుస్తకంలో 5000 దాకా వంటల విధానాలున్నాయి.

దసరా సెలవుల చివరి రోజు ఆ అమ్మ చేత బోటి కూర చేయించి, మేం పక్కనే నోటుబుక్కు పెట్టుకుని రాసుకున్నాం. సున్నం నీళ్ళల్లో ఎంతసేపు నానాలి, వేడినీళ్ళతో ఎన్నిసార్లు గీకి కడగాలి, అల్లం వెల్లుల్లి ముద్ద ఎప్పుడు వెయ్యాలి, గోంగూర ఎప్పుడు కలపాలి, అన్నీ అడిగాం. "బోటిక్కూడా పరీక్ష పెడతారా ఏంటిరా?" అని ఆవిడ ఒకటే నవ్వు. కారం మూడు చెంచాలని చెప్పింది గానీ, వేసేటప్పుడు చూస్తే నాలుగు పడ్డాయి. నాలుగనే రాశాం. ఉప్పు ఎంత అంటే మాత్రం "చూసి వెయ్యాలి" అంది. మళ్ళీ అడిగినా అదే మాట. నోటుబుక్కులో ఉప్పు పక్కన ఖాళీ వదిలేశాం. సంక్రాంతికి ఇళ్ళకు వెళ్ళినప్పుడు చెంచా పట్టుకుని ఆవిడ పక్కన నిలబడాలి.