ఆ రెండు శాతం సంగతి

ఏటా ఒకసారి విజయవాడ, గుంటూరు జిల్లా పేజీల్లో ఒకే తరహా వార్త కనిపిస్తుంది. ప్రపంచంలోని అత్యుత్తమ 2 శాతం శాస్త్రవేత్తల్లో ఫలానా కళాశాల అధ్యాపకుడికి చోటు దక్కిందని. పక్కన శాలువా కప్పుతున్న యాజమాన్యం ఫొటో. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పేరు తప్పనిసరి. ఆ అధ్యాపకుడు ఏ జబ్బు మీద, ఏ పంట మీద, ఏ లోహం మీద పనిచేశాడో మాత్రం సాధారణంగా ఉండదు. జాబితాలో ఉన్నాడు, అంతే.

ఆ జాబితాను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇచ్చే బిరుదుగా చాలామంది అనుకుంటారు. కాదు. అక్కడ పనిచేసే జాన్ అయొనిడిస్, ఆయన సహచరులు 2019లో లక్ష మంది పేర్లతో మొదలుపెట్టిన గణాంకాల పట్టిక అది. ఎల్సెవియర్ సంస్థకు చెందిన స్కోపస్ సమాచారాన్ని తీసుకుని, ఒక పరిశోధకుడి పత్రాలను మిగతావారు ఎన్నిసార్లు ఉదహరించారో, అందులో ఆయన మొదటి రచయితగా, చివరి రచయితగా ఉన్నవి ఎన్నో ఒక సూత్రంలో వేసి కంప్యూటర్ వరస కడుతుంది. పత్రాలు చదివి ఎంపిక చేసే సంఘం ఏదీ ఉండదు. ఇంకో తమాషా ఏమిటంటే, ప్రచురితమైన పరిశోధన ఫలితాల్లో ఎక్కువ భాగం తప్పని వాదిస్తూ 2005లో సంచలనం రేపిన వ్యాసం రాసింది కూడా ఈ అయొనిడిసే.

ఆ పట్టికలో మెచ్చుకోవలసిన గుణం ఒకటుంది. తన పత్రాలను తానే ఉదహరించుకున్నవాటిని తీసేసి లెక్క విడిగా చూపిస్తుంది. 2019లో నేచర్ పత్రిక అదే సమాచారాన్ని తిరగేసి, చెన్నైలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయ ఆచార్యుడికి వచ్చిన సైటేషన్లలో, అంటే ఉదహరింపుల్లో, 94 శాతం తనవీ, తన సహ రచయితలవీ అని బయటపెట్టింది. మన శాలువా వార్తల్లో సొంత ఉదహరింపులు తీసేసిన ఆ రెండో అంకె ఎప్పుడైనా అచ్చయిందా?

అయితే సైటేషన్లను కొట్టిపారేయడం కూడా తొందరపాటే. ఒక పత్రం ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి అంతకంటే సులువైన ఆనవాలు లేదు. దానితో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అనేది చూడాలంటే తెలుగు నేల మీద పుట్టిన ఒక పత్రాన్నే తీసుకోవచ్చు.

2013 చివర్లో న్యూరాలజీ అనే అమెరికా పత్రికలో హైదరాబాద్ నిమ్స్ నుంచి ఒక పరిశోధన వెలువడింది. మొదటి రచయిత నాడీవైద్యురాలు డాక్టర్ అల్లాడి సువర్ణ. ఆమె ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో ఆచార్యులు. నిమ్స్ అంటే కృష్ణా డెల్టాకు పరాయిది కాదు. అమెరికా నుంచి తిరిగొచ్చి ఆ ఆసుపత్రిని నిలబెట్టిన కాకర్ల సుబ్బారావు కృష్ణా జిల్లా పెదముత్తేవి మనిషి. ఆ ఆసుపత్రికి మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మంది రికార్డులను సువర్ణ బృందం పరిశీలించింది. వారిలో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవారికి జబ్బు లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు భాషలవారికి 65.6 ఏళ్లకు మొదలయ్యాయి. నాలుగున్నరేళ్ల తేడా. మంచం పట్టిన తల్లినో తండ్రినో చూసుకుంటున్న ఇంట్లో నాలుగున్నరేళ్లంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

ఇలాంటి మాట అంతకుముందే కెనడా నుంచి వచ్చింది. 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగులను చూసి దాదాపు ఇంతే తేడా కనిపెట్టింది. కానీ అక్కడ రెండు భాషలు వచ్చినవారిలో చాలామంది వలస వచ్చినవారు. తేడా భాష వల్ల వచ్చిందా, వలస వల్లా, వలస వెళ్లగలిగిన ఆరోగ్యం వల్లా అనే ప్రశ్న మిగిలిపోయింది. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, ఆఫీసులో హిందీయో ఇంగ్లిషో మాట్లాడటానికి అక్కడ ఎవరూ సముద్రం దాటలేదు. పైగా ఆ రోగుల్లో 14 శాతం మంది బడి ముఖం చూడనివారు. వారిలో తేడా ఇంకా పెద్దది, ఆరేళ్లు. చదువు వల్లే జబ్బు ఆలస్యమైందన్న వాదన అక్కడ నిలవలేదు. మూడో భాష వల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

రెండేళ్ల తర్వాత ఇదే పరిశోధకులు పక్షవాతం వచ్చినవారిని చూశారు. 608 మంది. పక్షవాతం తర్వాత ఆలోచన, జ్ఞాపకం చెక్కుచెదరకుండా ఉన్నవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒక్క భాషవారిలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇరువర్గాలకూ తేడా లేదు. భాష ఎక్కువ వస్తే మాట నిలవాలి కదా అనుకుంటాం. నిలిచింది మాట కాదు, ధ్యాస. ఒక భాషను పక్కన పెట్టి ఇంకో భాషను పైకి తీసే రోజువారీ అలవాటు మెదడుకు కసరత్తు అవుతుందన్న ఊహకు ఇది బలం.

ఈ పత్రాలు ప్రపంచమంతా తిరిగాయి. వందల పత్రాలు వాటిని ఉదహరించాయి. రెండు భాషలు, మతిమరుపు మీద రాసే వ్యాసాల్లో హైదరాబాద్ పేరు తరచూ కనిపిస్తుంది. సైటేషన్ల లెక్క ఇక్కడిదాకా నిజమే చెబుతోంది.

కానీ ఉదహరించినవారందరూ ఒప్పుకున్నవారు కారు. 2017లో లండన్ యూనివర్సిటీ కాలేజీలోని నహీద్ ముకాదం బృందం అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసింది. ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనాల్లో రెండు భాషల రక్షణ కనబడలేదని తేల్చింది. ఆసుపత్రికి వచ్చినవారి పాత రికార్డులు చూస్తే ఒక ఫలితం, ఊళ్లో మామూలు జనాన్ని వెంటబడి చూస్తే ఇంకో ఫలితం. ఈ వాదన ఇంకా ముగియలేదు. అయితే హైదరాబాద్ పత్రాన్ని తప్పుపట్టడానికి ఎవరు ఉదహరించినా, దాని ఖాతాలో పడేది మరో అంకే. మెచ్చుకోలుకూ, తగువుకూ కంప్యూటర్ దగ్గర ఒకటే విలువ.

ఇంకొకటి. ఆ 2013 పత్రానికి ఎనిమిది మంది రచయితలు. నాడీవైద్యులతోపాటు ఉస్మానియాలో భాషాశాస్త్రం చెప్పిన దుగ్గిరాల వసంత, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త సూరంపూడి బాపిరాజు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ ఉన్నారు. ఎవరికి ఎన్ని భాషలు వచ్చో, ఎంత వస్తే వచ్చినట్టో తేల్చకపోతే ఈ పరిశోధనే లేదు. అది భాషాశాస్త్రజ్ఞుల పని. కానీ వైద్యంలో పత్రాలూ ఎక్కువే, ఉదహరింపులూ ఎక్కువే; భారతీయ భాషల మీద రాసే పత్రాలను ఉదహరించేవారే కొద్దిమంది. జీవితమంతా తెలుగు మీద పనిచేసిన భాషావేత్తను నాడీవైద్యుడి పక్కన నిలబెట్టి అంకెలు పోలిస్తే ఎవరు చిన్నగా కనిపిస్తారో ముందే తెలుసు. ఉపరంగాలవారీగా వరసలు కడితే ఈ అన్యాయం కొంత తగ్గుతుంది, పోదు.

సైటేషన్ల విచిత్రానికి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కంటే పెద్ద సాక్ష్యం దొరకదు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి పత్రాన్ని నూరేళ్లుగా వేల పత్రాలు ఉదహరిస్తున్నాయి. అదే ఇద్దరూ 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టాడు. ప్రాణులన్నిటికీ శక్తినిచ్చే పదార్థం అది. ఇవాళ ఏటీపీ అని రాసేవారు ఎవరినీ ఉదహరించరు, బడిపిల్లల పుస్తకంలోకి ఎక్కిపోయింది కాబట్టి. కొలిచే పద్ధతికి లెక్క మిగిలింది, కనుగొన్న సత్యానికి మిగల్లేదు.

ఉదహరింపు రాని జబ్బులూ ఉన్నాయి. 1937లో షార్ట్ అనే వైద్యాధికారి బృందం నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీటిలోని ఫ్లోరిన్ వల్ల ఎముకలు గట్టిపడే జబ్బును నమోదు చేసింది. వెన్నెముక గట్టిపడి, మధ్యలోని నరాలు నలిగి కాళ్లు పడిపోయే రోగం అది. నిమ్స్‌కు చెందిన నాడీశస్త్ర వైద్యుడు డాక్టర్ డి. రాజారెడ్డి దాని మీద దశాబ్దాలపాటు రాశారు. బోస్టన్‌లోనో, బెర్లిన్‌లోనో ఆ జబ్బు లేదు. అక్కడి ప్రయోగశాలలు దాన్ని పట్టించుకోవు, పట్టించుకోనిది ఉదహరించవు. ఒక బావి నీళ్లు మార్పించిన పత్రానికి వచ్చిన సైటేషన్లు పదీ ఇరవై అయితే, ఆ పదీ ఇరవై ఏం కొలిచినట్టు?

పదోన్నతికి ప్రచురణలు తప్పనిసరి చేయడం, కళాశాలల ర్యాంకుల్లో సైటేషన్లకు మార్కులు వేయడం తెలుగు రాష్ట్రాల్లో ఏం చేసిందో కొత్తగా చెప్పేదేమీ లేదు. డబ్బు తీసుకుని సమీక్ష పేరుకే జరిపే పత్రికల వ్యాపారంలో హైదరాబాద్‌కు అంతర్జాతీయ పేరే వచ్చింది. అక్కడి ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. అంకె కావాలన్నవాడికి అంకె అమ్మేవాడు ఎప్పుడూ దొరుకుతాడు.

కృష్ణా డెల్టాలో ఇప్పుడు వైద్యపరిశోధనకు చోటు లేదనే సాకు చెల్లదు. గుంటూరు వైద్య కళాశాల 1946 నాటిది. విజయవాడలో సిద్ధార్థ ఉంది, ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. పీజీ చేసే ప్రతి డాక్టరూ ఒక థీసిస్ రాయాల్సిందే. ఆ థీసిస్‌లలో చాలావాటికి అంశం ఎక్కడో అచ్చయిన అంశమే, రోగుల పేర్లే మార్పు.

రెండు భాషలు మతిమరుపును వెనక్కి నెడతాయా అన్న హైదరాబాద్ ప్రశ్నను ఇక్కడ అడిగితే కొత్త జవాబు రావచ్చు. నాగాయలంక, కోడూరు వైపు దివిసీమ పల్లెల్లో పుట్టి పెరిగి తెలుగు తప్ప ఇంకో మాట అవసరం పడని ముసలివారు వేల మంది ఉన్నారు. విజయవాడ వించిపేటలో ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. వన్‌టౌన్ మార్వాడీ కుటుంబాలున్నాయి, రైల్వేలో పనిచేసి నాలుగు భాషలు పట్టిన పింఛనుదారులున్నారు. ముకాదం బృందం లేవనెత్తిన అభ్యంతరానికి జవాబు చెప్పాలంటే ఆసుపత్రి రికార్డులు చాలవు. ఇలాంటి ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్నవారిని ఎంచుకుని పదేళ్లు వెంబడించాలి. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా కట్టింది. చదువులేనివారిలో, ఆడవారిలో, పల్లెల్లో ఎక్కువ.

అలాంటి పని మొదటి ఐదేళ్లలో ఒక్క పత్రమూ ఇవ్వదు. మతిమరుపును పసిగట్టడానికి గడియారం బొమ్మ గీయమనే పరీక్ష పలక పట్టని నాట్లు వేసే అమ్మకు పనికిరాదు కాబట్టి, పరీక్షలు సవరించడానికే ఒక ఏడాది పోతుంది. అందులో దిగిన యువ డాక్టరు ఆ ఐదేళ్లూ ఏ రెండు శాతంలోనూ ఉండడు, పదోన్నతి ఫైలులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీని చూసి అతన్ని వెనక్కి నెట్టకుండా ఆపే ఒక్క నిబంధన ఆరోగ్య విశ్వవిద్యాలయం రాయగలదు. దానికి స్టాన్‌ఫర్డ్ అనుమతి అక్కర్లేదు. ఈలోగా గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల నరాల విభాగాల్లో రోగి కేసుషీటు మీద వయసు, చదువు రాసే చోట ఏయే భాషలు మాట్లాడతారో ఒక గడి చేర్చవచ్చు, రేపటి నుంచే.