ఒక్క గుర్తు, రెండు పలుకులు

కామాఠిపుర గల్లీలలోను, ముంబయి తెలుగువారి చాళ్ళలోను ఓనమాల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల మాకు వినవచ్చు సమాధాన మొక్కటే: "ఏబదియా రక్షరములు, ఆపై గుణింతములు, వత్తులు! మరాఠీ, హిందీ, ఇంగ్లీషులతోనే పిల్లవాడు నలిగిపోవుచున్నాడు. తెలుగు మాటాడిన చాలదా?" ఈ సమాధానమును మే మంగీకరింపజాలము.

జపాను బాలుని చదువు చూడుడు. మూడు నిలువుగీతలను క్రింద నొక యడ్డగీతతో కలిపిన గుర్తు వారికి కలదు. దాని యర్థము కొండ. ఒంటిగా నున్నప్పు డది "యామ". అది వారి దేశ్యపదము. ఫ్యూజీ పర్వతము పేరైన "ఫుజిసాన్"లో నదే గుర్తు "సాన్" అగును. ఇది చీనానుండి వచ్చిన పలుకు. మన మొకే గుర్తు వ్రాసి ఒకచో "కొండ" యనియు, "హిమగిరి"లో "గిరి" యనియు చదివినట్లు! సూర్యుని గుర్తు మరింత చిత్రము. ఆదివారమునకు పేరైన "నిచియోబి"లో నది మొదట "నిచి", చివర "బి". ఇట్టి గుర్తులు 1,026 అచటి పిల్లలు ఆరేండ్ల ప్రాథమిక విద్యలో నేర్తురు.

ఈ గుర్తులను విడిచి రోమను లిపి చేపట్టుడని 1946లో అమెరికా విద్యా ప్రతినిధివర్గము, యుద్ధమున నోడిన జపానుకు సలహా నిచ్చెను. జపాను విడువలేదు. ఆ యేడే నిత్యవ్యవహారమునకు 1,850 గుర్తులని పరిమితి చేసికొనెను. 2010లో ఆ పట్టికను 2,136కు పెంచుకొనెను కూడ.

అచటి బాలునికి ప్రభుత్వము, పాఠశాల, వీధిలోని ప్రతి పేరుపలకయు తోడు. మనవానికి చాళ్ళ వరండా తప్ప తోడు లేదు, నిజమే. కాని వానికి మన మనుకొన్నంత శ్రమయు లేదు. మరాఠీలో నాలుగను అర్థమున "చార్" అన్నను, చక్రమను అర్థమున "ౘాక్" అన్నను నాగరి చకార మొక్కటే, పలుకులు రెండు. వాడు తడుముకొనక చదువును. మన "చెట్టు", "చలి" మాటలలోని చకారమును నంతియే గదా! సగము విద్య మరాఠీ పంతులే నేర్పి పంపినాడు.

"తెలుగును నాగరిలోనే వ్రాసికొందము" అను బుద్ధిమంతులును కలరు. మరాఠీ వ్రాతలో ఎ, ఏలకు భేదము లేదు. ఒ, ఓలకును లేదు. బతుకమ్మ పాట లట్లు వ్రాసికొన్న బాలిక పుస్తకములో మెడ, మేడ ఒక్కటే. కొన, కోన ఒక్కటే. అవ్వ యున్నంతకాలము సరిదిద్దును. తరువాత మేడలో హారము వేసెదరో, మెడ యెక్కెదరో! ఈ నగరపు కట్టడములకు రాళ్ళు మోసిన కామాఠీల పేరు మీద వెలసిన పేటలో, మేడ యను మాట వ్రాయుటకు అక్షరము కరవగుట!

గణపతి మండపమునకు ఇల్లిల్లు తిరిగి చందా కూర్చు యువకులు ప్రతి గల్లీలోను ఉన్నారు. నిమజ్జనము ముగిసిన మరునాటినుండి, సాయంకాల మరగంటసేపు, ఆ వరండాలోనే పిల్లలచేత పలక పట్టించుటకు వారిలో నిద్దరు ముందుకు రారా?