ఒకరికి బిగుతు... ఇంకొకరికి వదులు!

రోజంతా బస్సులో నిలబడే కండక్టరు, నల్లబల్ల ముందు పాఠం చెప్పే టీచరు, పొయ్యి దగ్గర వంటమాస్టరు... సాయంత్రమయ్యేసరికి అందరిదీ ఒకే మాట. 'కాళ్లు లాగేస్తున్నాయి'. పాదాలు ఉబ్బుతాయి. పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి కనిపిస్తాయి. ఇంకోపక్క మధుమేహం. దేశంలో 10.1 కోట్ల మందికి ఆ సమస్య ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. వీళ్లకు పాదం మీద చిన్న పుండు పడినా పెద్ద భయమే.

ఈ రెండు రకాల వాళ్ల కోసమూ మందుల షాపుల్లో ప్రత్యేకమైన సాక్సులు దొరుకుతున్నాయి. కంప్రెషన్ సాక్సులు, డయాబెటిక్ సాక్సులు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. నిజానికి వాటి తీరే వేరు. మొదటివి కాలిని పట్టి నొక్కాలి. రెండోవి ఎక్కడా నొక్కకూడదు. ఒకరు వాడాల్సినవి ఇంకొకరు తొడిగితే మేలు జరగకపోగా కాలికే ముప్పు రావచ్చు.

నొక్కితే ఏమిటి లాభం?

గుండె నుంచి పాదాలకు రక్తం ధమనుల ద్వారా వస్తుంది. తిరిగి వెళ్లాలంటే సిరల్లో పైకి ఎదురెక్కాలి. మనం నడుస్తున్నప్పుడు పిక్క కండరాలు బిగుసుకుని సిరలను పిండుతాయి. పైకి వెళ్లిన రక్తం మళ్లీ కిందికి జారకుండా సిరల్లోని కవాటాలు తలుపుల్లా మూసుకుంటాయి. పిక్కను 'రెండో గుండె' అనేది అందుకే. గంటల తరబడి కదలకుండా నిలబడినా, కవాటాలు దెబ్బతిన్నా రక్తం కిందే నిలిచిపోయి వాపు వస్తుంది. కంప్రెషన్ సాక్సు చీలమండ దగ్గర ఎక్కువగా, పైకి వెళ్లేకొద్దీ తక్కువగా నొక్కుతూ రక్తాన్ని పైకి పంపడానికి సాయపడుతుంది.

ఈ ఆలోచన ఈతకొలనులో పుట్టింది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజినీరు కాన్రాడ్ జాబ్‌స్ట్‌కు కాళ్ల సిరల జబ్బు ఉండేది. కొలనులో నిలబడినప్పుడు బాధ తగ్గడం ఆయన గమనించాడు. నీటి ఒత్తిడి పైన తక్కువ, పాదాల దగ్గర ఎక్కువ. ఆ సూత్రాన్నే బట్టలోకి తెచ్చి 1950 ప్రాంతంలో ఇలాంటి సాక్సులను రూపొందించాడు.

అంకె చూసి కొనాలి

సాక్సు బిగువును బీపీలాగే పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. డబ్బా మీద ఆ అంకె ఉంటుంది. 15-20 ఉన్నవి నిలబడి పనిచేసేవాళ్లకీ, గంటల తరబడి సాగే విమాన ప్రయాణాలకీ సరిపోతాయి. 20-30 ఉన్నవి వెరికోస్ వీన్స్ లాంటి వాటికి. 30-40 ఉన్నవి తీవ్రమైన సమస్యలకు. 20 దాటితే డాక్టరు రాసి ఇవ్వాల్సిందే. 'క్లాస్ 2' అన్న మాటను మాత్రం నమ్ముకోవద్దు. బ్రిటిష్ లెక్కలో క్లాస్ 2 అంటే 18-24, జర్మనీ లెక్కలో 23-32.

చెప్పుల సైజు చెప్పి కొనడం ఇంకో పొరపాటు. వాపు లేని వేళ, అంటే పొద్దున లేవగానే, టేపుతో కొలతలు తీసుకోవాలి. చీలమండ పైన అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట, పిక్క అన్నిటికన్నా లావుగా ఉన్నచోట చుట్టుకొలతలు, నేల నుంచి మోకాలి మడత వరకు పొడవు... ఈ మూడూ కావాలి. రెండు కాళ్లనూ విడివిడిగా కొలవాలి.

ధమనుల సంగతి తేలాకే...

నాన్నగారి పాదాలు వాచాయని వింటే చాలు, దూరాన ఉన్న కొడుకో కూతురో ప్రేమగా ఓ జత బిగుతు సాక్సులు పంపుతారు. ఆయనకు పదిహేనేళ్లుగా షుగరు ఉంటే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. దీర్ఘకాల మధుమేహంలో కాలి ధమనులు పూడుకుపోయి ఉండొచ్చు. అసలే అరకొరగా వస్తున్న రక్తాన్ని సాక్సు ఇంకా అడ్డుకుంటుంది. స్పర్శ తగ్గి ఉంటే ఆ నొప్పీ తెలియదు. సాక్సు విప్పేదాకా పుండు పడిన సంగతే తెలియకపోవచ్చు.

అందుకే మధుమేహులు ముందుగా రక్తప్రసారం పరీక్షించుకోవాలి. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష (ఏబీఐ) ఉంది. సాధారణంగా ఇది 0.9కి పైన ఉండాలి. మధుమేహుల్లో ధమనులు గట్టిపడి లెక్క తప్పుగా ఎక్కువ రావచ్చు. అప్పుడు కాలివేలి దగ్గర ఒత్తిడి చూస్తారు. కొద్దిదూరం నడిస్తే పిక్క పట్టేయడం, ఆగితే తగ్గడం ధమనుల జబ్బుకు గుర్తు. అలాంటివాళ్లూ, గుండె వైఫల్యం ఉన్నవాళ్లూ, కాలి మీద చీము, పుండు ఉన్నవాళ్లూ సొంతంగా బిగుతు సాక్సులు వాడకూడదు.

వాపుకు మూలం కిడ్నీ కావచ్చు, గుండె కావచ్చు, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రా కావచ్చు. ఇక ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అప్పుడు వెళ్లాల్సింది సాక్సుల షాపుకు కాదు, ఆసుపత్రికి.

బిగుతు సాక్సు అన్నిటికీ మందు కాదు. పక్షవాతం రోగులు 2,518 మందిపై జరిపిన క్లాట్స్ పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. తొడల దాకా ఉండే సాక్సులు తొడిగినా రక్తం గడ్డలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా చర్మం దెబ్బతినడం పెరిగింది.

మధుమేహులకు ఎలాంటివి?

* పైన ఎలాస్టిక్ బిగుతు ఉండకూడదు. విప్పాక కాలిమీద గాడి పడితే అది మీకు పనికిరాదు.
* వేళ్ల దగ్గర కుట్టు ఒరుసుకోకూడదు. కుట్టు లేనివి మేలు.
* లోపలివైపు తెల్లగా ఉండాలి. చిన్న రక్తపుచుక్క, చీము మరక కూడా వెంటనే కనిపిస్తుంది.
* అచ్చమైన నూలు చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది. మన ఎండలకు చెమటను బయటికి పంపే మిశ్రమ నూలువి నయం.
* బొటనవేలి పట్టీ చెప్పుల్లో సాక్సు ముడతపడి ఒరుసుకుంటుంది. వెనక పట్టీ ఉన్న చెప్పులో, కాస్త విశాలమైన బూట్లో వాడాలి.
* చలికాలంలో పాదాలు చల్లబడితే వేడినీళ్ల సంచీ పెట్టొద్దు. స్పర్శ లేని కాలు కాలినా తెలియదు. వదులు సాక్సే మంచిది.

తొడగడం కూడా ఓ పద్ధతే

కొనేసి మూలన పడేసేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం 'ఎక్కడంలేదు' అని. బిగుతు సాక్సును మామూలు సాక్సులా చుట్టగా చుట్టి లాగితే ఎక్కదు. మడమ దాకా లోపలివైపు బయటికి తిప్పి, పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక మెల్లగా పైకి జరపాలి. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు చేతికి ఉంటే పట్టు దొరుకుతుంది, గోళ్లు తగిలి చిరగదు. కాలు పొడిగా ఉండాలి. మిగిలిన పైభాగాన్ని కిందికి మడవకూడదు. అక్కడ బిగువు రెట్టింపవుతుంది. పొద్దున లేవగానే తొడిగి, రాత్రి పడుకోబోయే ముందు తీసేయాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా, నొప్పి పెట్టినా వెంటనే విప్పేయాలి.

రోజూ ఉతకాలి కాబట్టి రెండు జతలు కావాలి. చల్లటి నీళ్లలో సబ్బుతో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయాలి. బిగువు కొన్నాళ్లకు సడలిపోతుంది. సాధారణంగా ఆరు నెలల్లోపు మార్చాలి.

ఏ రకం సాక్సు వాడినా రాత్రి విప్పాక ఒక్క పని మరవొద్దు. దీపం వెలుగులో పాదం పైనా, కిందా, వేళ్ల మధ్యా చూసుకోవాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవచ్చు, చూపు ఆనకపోతే మనవడినో మనవరాలినో పిలవచ్చు. రెండు నిమిషాల పని. ఎరుపు, పొక్కు, పగులు ఏది కనిపించినా మర్నాడే డాక్టరుకు చూపించాలి.