బాదంపాలు – గుండె ఆరోగ్యము

గుండెకు మేలని బాదంపాలు త్రాగువారు పెక్కుమంది. కాని మిఠాయి దుకాణములలో ఆ పేర లభించునది తరచు గేదెపాలు, చక్కెర, పసుపురంగు కలిపిన పానీయము. బాదము అందు కొంచెమే. గేదెపాలలో వెన్న నూటికి 6, 7 పాళ్లుండును. అందు అధికభాగము రక్తములో కొలెస్టరాలును పెంచు జాతి క్రొవ్వు. హృద్రోగి దానిని మందువలె సేవించుట మా దృష్టిలో పొరపాటు.

బాదంపప్పు హితమైనదే. 100 గ్రాములలో పీచు సుమారు 12 గ్రాములు గలదు. నూనె కూడ మంచి జాతిది. అయితే రుబ్బి వడగట్టినచో పీచు గుడ్డలోనే నిలిచిపోవును. ఆ పిప్పిని పారవేసి నీటిని త్రాగుట ఏమి పొదుపు? వడగట్టక, చక్కెర కలుపక త్రాగవలెను. వైద్యుడిచ్చిన మాత్రలు మానరాదు. వెల భరింపలేనివారు చింతింప నక్కరలేదు. ఉప్పులేని వేరుసెనగపప్పు గుప్పెడు తినినను ఇట్టి మేలే కలుగును.