తీర్పు తర్వాతా తలుపు ఉంది

రాజు పిలిపించినా హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వెంటనే చెరసాల దాటి రాలేదు. ముందు తనపై పడిన నిందను విచారించమన్నారు. దివ్య ఖుర్ఆన్‌లోని ఈ ఘట్టం మనమంతా విన్నదే. అయినా మన ఇంటి బిడ్డకు శిక్ష పడితే పరువు పోయిందని, అంతా తఖ్దీర్ అని ఊరుకుంటాం. ఇది సబ్ర్ కాదు.

సెషన్స్ కోర్టు వేసిన శిక్షపై హైకోర్టుకు అప్పీలు చేసుకునేందుకు 60 రోజులు, మరణశిక్షయితే 30 రోజులు గడువు. గడువు దాటినా తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. ఖైదీ తన అప్పీలును జైలు అధికారి ద్వారానే పంపుకోవచ్చు. అతనికి తీర్పు నకలు ఉచితంగా అందాలని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. 1987 చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును పొందే హక్కుంది.

అక్షర్‌ధామ్ కేసులో మరణశిక్ష పడిన ముగ్గురితో సహా ఆరుగురినీ సుప్రీంకోర్టు 2014 మే 16న నిర్దోషులుగా ప్రకటించింది. వారు అప్పీలు చేయకపోయి ఉంటే?

నేరస్థులను వెనకేసుకు రమ్మని మేము అనడం లేదు. నేరం చేసినవాడికైనా చేసినదానికి మించిన శిక్ష పడరాదు. సోదరులారా! సిగ్గుపడి ములాఖాత్ మానకండి. తీర్పు వచ్చిన రోజు నుంచే రోజులు లెక్కపెట్టండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలుపు తట్టండి. దుఆ చేయండి, దరఖాస్తు కూడా చేయండి.