అప్పీలు వేరు, స్టే వేరు

ఆస్తి దావాలో ఓడినవారు అప్పీలు వేస్తే చాలు, డిక్రీ అమలు ఆగిపోవాలన్న అభిప్రాయం కక్షిదారుల్లో బలంగా పాతుకుపోయింది. పైకోర్టు ఇంకా తేల్చకముందే ఇల్లు ఖాళీ చేయించడమేమిటన్న ప్రశ్న వినడానికి న్యాయంగానే ఉంటుంది. చట్టం చెప్పేది మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 5వ రూలు ప్రకారం అప్పీలు దాఖలు చేసినంత మాత్రాన అమలు ఆగదు. ఆపకపోతే గణనీయమైన నష్టం కలుగుతుందని, అనవసర జాప్యం లేకుండా కోర్టుకు వచ్చామని స్టే కోరినవారు ఒప్పించాలి. చివరికి ఏ తీర్పు వచ్చినా కట్టుబడతామని పూచీకత్తు కూడా ఇవ్వాలి. మొదటి రెండూ అఫిడవిట్‌లో నాలుగు మాటలు రాస్తే గట్టెక్కే షరతులు. ఓడినవారికి నిజంగా భారమయ్యేది మూడోది. దాన్ని నామమాత్రం చేస్తే ఆ రూలుకు అర్థమే ఉండదు.

డిక్రీ ఊరికే రాదు. దస్తావేజులు చూసి, సాక్షులను విని, ఇరుపక్షాల వాదనలు తూచి ఒక కోర్టు ఇచ్చిన నిర్ణయమది. పైకోర్టు కొట్టేసే దాకా అది చెల్లుతుంది. షరతుల్లేని స్టే ఆ నిర్ణయాన్ని కాగితానికే పరిమితం చేస్తుంది. ఆస్తి అనుభవం ఓడినవారికి, ఎదురుచూపు గెలిచినవారికి మిగులుతుంది. అప్పుడు అప్పీలు త్వరగా తేలాలని ఓడినవారు ఎందుకు కోరుకుంటారు? ప్రతి వాయిదా వారికి లాభమే. ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు 2004లో పట్టుకున్నది సరిగ్గా ఈ కీలకాన్నే. ఢిల్లీ కన్నాట్ ప్రాంతంలోని ఒక వ్యాపార స్థలానికి 1944 నుంచి కిరాయిదారుగా ఉన్న సంస్థ కడుతున్న అద్దె నెలకు 371 రూపాయల 90 పైసలు. ఖాళీ చేయాలన్న ఉత్తర్వుపై అప్పీలు వేస్తే, ట్రిబ్యునల్ ఆ అద్దెకు అదనంగా నెలకు 15,000 రూపాయలు డిపాజిట్ చేయాలన్న షరతుతో స్టే ఇచ్చింది. హైకోర్టు ఆ షరతును కొట్టేసింది, సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఖాళీ చేయాలన్న డిక్రీ వచ్చిన రోజు నుంచి పాత అద్దె ప్రమాణం కాదని, ఆ స్థలం బయట ఎంత పలుకుతుందో అంత పరిహారం చెల్లించాల్సిందేనని తేల్చింది.

స్టే ఇవ్వక, తర్వాత అప్పీలు గెలిస్తే పోయిన ఆస్తి ఎలా తిరిగొస్తుందని అడుగుతారు. అందుకే అదే కోడ్‌లో 144వ సెక్షన్ ఉంది: డిక్రీ రద్దయితే పూర్వస్థితి తిరిగి కల్పించాలి, పరిహారం ఇప్పించాలి. అయితే కూల్చిన ఇంటిని ఏ సెక్షనూ లేపి నిలబెట్టలేదు. కూల్చివేత, అమ్మకం వంటి తిరుగులేని చర్యలను ఆపడానికి నాకు అభ్యంతరం లేదు, ఆపి తీరాలి కూడా. కానీ ఆస్తిని కాపాడటం ఒకటి, దాన్ని ఓడినవారి చేతిలో ఉచితంగా ఉంచడం మరొకటి. ఇక పేదవారి మాట. ఉన్న ఒక్క గూడూ పోతుందన్న కుటుంబం మీద పెద్ద డిపాజిట్ మోపితే అప్పీలు హక్కే హరించినట్లవుతుందన్న వాదనలో బలముంది. అలాంటి చోట మొత్తం తగ్గించవచ్చు, స్థిరాస్తినో జామీనునో పూచీగా తీసుకోవచ్చు. అంతేకాని ఆ కుటుంబం పేరు చెప్పి నగరం నడిబొడ్డున దుకాణం నడిపే కిరాయిదారుకూ అదే వెసులుబాటు ఇవ్వడం సమంజసం కాదు. గెలిచిన పక్షంలోనూ ఆ అద్దె మీదే బతికే వృద్ధులుంటారన్నది ఈ చర్చలో తరచూ మరుగున పడుతుంది.

ఆరు నెలలకు స్టే దానంతటదే రద్దు కావాలన్న 2018 నాటి తీర్పును సుప్రీంకోర్టు అయిదుగురు సభ్యుల ధర్మాసనం 2024లో తోసిపుచ్చింది. అది సరైన పనే, కోర్టు ఆలస్యానికి కక్షిదారును శిక్షించకూడదు. గడువు పెట్టినా ఫలం లేని చోట పరిహారమే పనిచేస్తుంది. స్టే ఉత్తర్వులో నెలకు ఎంత, ఏ తేదీలోగా, కట్టకపోతే అమలు ఎప్పుడు మొదలవుతుందన్నది స్పష్టంగా రాయాలి. డిపాజిట్ అయిన మొత్తాన్ని తగిన పూచీ మీద డిక్రీదారు అప్పీలు ముగియకముందే తీసుకునే వీలుండాలి.